జ్వరంతో సానాలో కూర్చుంటే చెమటతో పాటు జ్వరమూ పోతుందా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది గుంటూరు. ఉద్యోగాల వల్ల బెంగళూరులో, సర్జాపూర్ రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా క్లబ్‌హౌస్‌లో జిమ్ పక్కనే సానా (పొడి వేడితో ఉండే చెక్కగది), స్టీమ్ రూమ్ రెండూ ఉన్నాయి. మావారికి 38 ఏళ్ళు. బీపీ, షుగర్ లేవు. జిమ్ అయ్యాక సానాలో కూర్చోవడం ఆయనకి అలవాటు. మొన్న సోమవారం ఒళ్ళునొప్పులు, చలితో జ్వరం వచ్చింది. థర్మామీటర్ పెడితే 101.5. డోలో ఒకటి వేసుకుని, "పావుగంట సానాలో కూర్చుంటే చెమట పట్టి దిగిపోతుంది" అని బయల్దేరారు. నేను వద్దంటే, ఫిన్లాండ్‌లో ఉండే వాళ్ళ మేనేజర్ జలుబొచ్చినా జ్వరమొచ్చినా సానాకే వెళ్తాడట, అది చెప్పారు. మా అత్తగారు కూడా "చెమట పడితే జ్వరం విడుస్తుంది, వెళ్ళనీ" అని ఆయన పక్షమే చేరారు. వెళ్ళొచ్చి హాయిగా ఉందన్నారు. రాత్రికి 102.8 వచ్చింది. నాది అనవసరమైన టెన్షనా? మా ఐదేళ్ళ బాబుకి జ్వరం వస్తే అత్తగారు రగ్గులు కప్పి, ఆవిరి పట్టిస్తారు. అది మంచిదేనా? మావారు మళ్ళీ సానాకి ఎప్పుడు వెళ్ళొచ్చు?
– పేరు వద్దు, బెంగళూరు

సమాధానం: మీది అనవసరమైన టెన్షన్ కాదమ్మా. జ్వరం ఉన్నప్పుడు సానాకి వెళ్ళకూడదు. స్టీమ్ రూమ్‌కి అసలే వెళ్ళకూడదు. డోలో వేసుకుని వెళ్ళినా అంతే. మీవారికి చూపించడానికి ఈ నాలుగు ముక్కలు చాలు. కానీ ఆయనకి ఫిన్లాండ్ మేనేజర్ అండ ఉంది, మీ అత్తగారికి అనుభవం అండ ఉంది. కారణం చెప్పకపోతే ఇద్దరూ ఒప్పుకోరు.

ముందు అత్తగారి మాట. ఆవిడ చూసింది అబద్ధం కాదు. జ్వరం దిగేటప్పుడు చెమట పట్టడం, దిండు గలీబు తడిసిపోవడం, ఆ తర్వాత మనిషి లేచి కాస్త చారన్నం అడగడం ఆవిడ ఎన్నోసార్లు కళ్ళారా చూసే ఉంటారు. కాకపోతే ముందూ వెనకా తారుమారయ్యాయి. చెమట పట్టినందువల్ల జ్వరం దిగదు. జ్వరం దిగుతోంది కాబట్టి చెమట పడుతుంది.

మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. మామూలు రోజుల్లో ఆ లెక్క 98.6 దగ్గర ఉంటుంది. వైరస్ లోపలికి రాగానే రక్షణ కణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటివల్ల మెదడులో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం తయారై, ఏసీ రిమోట్‌లో 24 ఉన్నదాన్ని 28 చేసినట్టు, ఆ లెక్కని 102కో 103కో పెంచేస్తుంది. అప్పటికి ఒళ్ళు ఇంకా 99 దగ్గరే ఉంది. మెదడు దృష్టిలో మనిషి చల్లబడిపోయి ఉన్నట్టే. వెంటనే చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేడి బయటికి పోకుండా. కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. చెమట ఆగిపోతుంది. ఈ దశలో ఉన్న మనిషిని ముట్టుకుని చూడండి: నుదురు, మెడ కాలిపోతుంటాయి, అరిచేతులూ పాదాలూ మాత్రం చల్లగా ఉంటాయి. ఫ్యాన్ ఆపమంటాడు, ఇంకో దుప్పటి అడుగుతాడు.

సరిగ్గా ఇలాంటప్పుడే సానా మీదికి మనసు పోతుంది. చలితో వణుకుతున్నవాడికి వేడి గది హాయిగా ఉండక ఏం చేస్తుంది? మీవారు హాయిగా ఉందన్నది నిజమే, ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆ హాయి జబ్బు తగ్గినందువల్ల వచ్చింది కాదు. ఒంటిని త్వరగా 102కి చేర్చాలని మెదడు తాపత్రయపడుతుంటే, ఆ పని సానా చేసిపెట్టింది. రాత్రి మీరు చూసిన 102.8 పూర్తిగా సానా పుణ్యమే అనలేను, వైరల్ జ్వరం సాయంత్రాలు పెరగడం మామూలే. దిగడానికి మాత్రం అది ఏమీ సాయం చెయ్యలేదని మీ థర్మామీటరే చెప్పింది కదా.

ఇక డోలో. అందులో ఉండే పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది. మెదడు లెక్క మళ్ళీ కిందికి వస్తుంది. ఇప్పుడు ఒళ్ళు వేడెక్కువైనట్టు లెక్క. రక్తనాళాలు తెరుచుకుంటాయి, చెమట పోస్తుంది, వేడి బయటికి పోతుంది. ఒళ్ళు ఇలా వేడిని వదిలించుకుంటున్న సమయంలో మనిషిని తీసుకెళ్ళి 80 డిగ్రీల సెల్సియస్ గదిలో కూర్చోబెడితే ఆ వేడి ఎటు పోవాలి?

చెక్కగది సానాలో గాలి 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, పై బల్ల మీద వేడి ఇంకా ఎక్కువ. చుట్టూ గాలి మన ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు చల్లబడటానికి ఒకటే దారి, చెమట ఆరడం. ఆరోగ్యవంతుడికి ఆ దారి బాగా పనిచేస్తుంది. అయినా 15, 20 నిమిషాల్లో లోపలి వేడి దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ పెరుగుతుంది, అంటే ఫారన్‌హీట్‌లో 1.8. 98.6 మీద అది పెరిగితే 100.4. బయటికొచ్చి షవర్ కింద నిలబడితే సర్దుకుంటుంది. అదే 102 మీద పెరిగితే 104 దగ్గరికి వెళ్తుంది. 104 దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే వైద్యులు వడదెబ్బ గురించి ఆలోచించే స్థితి అది. చలి దశలో ఉండి చెమటే ఆగిపోయి ఉంటే అక్కడికి ఇంకా త్వరగా చేరొచ్చు.

స్టీమ్ రూమ్‌లో 40, 50 డిగ్రీలే కదా, అది నయం అనుకునేవాళ్ళున్నారు. నయం కాదు. అక్కడ గాలిలో తేమ దాదాపు నూటికి నూరు. చెమట ఆరదు, కారిపోతుంది. కారిపోయే చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్ళూ ఉప్పూ మాత్రం పట్టుకుపోతుంది.

గుండె మీద పడే బరువు వేరే ఉంది. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి నిమిషానికి దాదాపు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. సానాలో కూర్చుంటే ఆరోగ్యవంతుడికే అది 120, ఇంకా పైకి కూడా వెళ్తుంది. రెండూ కలిస్తే చూడండి. ఒక్క సిట్టింగ్‌లో అర లీటరు చెమట పోవడం మామూలు విషయం. జ్వరంలో తిండీ నీళ్ళూ ముందే తగ్గి ఉంటాయి. వేడికి రక్తనాళాలు వెడల్పయి బీపీ పడిపోయి ఉంటుంది. అలాంటి మనిషి పై బల్ల మీంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. పక్కనే వేడి రాళ్ళు, కింద టైల్స్. మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండే క్లబ్‌హౌస్‌లో పడిపోతే చూసేవాళ్ళెవరు? సానా తలుపు బయటికే తెరుచుకునేలా, లోపల గడియ లేకుండా పెట్టేది ఇందుకే. స్పృహ తప్పే మనిషి చెయ్యి గడియ దాకా వెళ్ళదు.

మీవారు తర్వాత ఎత్తబోయే వాదన కూడా ఊహించగలను: "జ్వరం వచ్చేదే క్రిములతో పోరాడటానికి, ఇంకాస్త వేడి ఇస్తే ఇంకా మంచిదే కదా?" మొదటి సగం నిజం. కానీ జ్వరం మెదడు అదుపులో ఉండే వేడి, ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. బయటినుంచి ఎక్కించిన వేడికి ఆ అదుపు లేదు. గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉన్న వైరస్‌కి ఆ 80 డిగ్రీల వేడి తగలదు కూడా, ఎందుకంటే లోపల ఒళ్ళు అంత వేడెక్కదు. ఎక్కితే వైరస్ కన్నా ముందు మనిషే పోతాడు. వేడితో రోగం కుదర్చడానికి వైద్యులు ప్రయత్నించకపోలేదు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి మెదడుకెక్కిన రోగులకి మలేరియా అంటించి, ఆ జ్వరంతో బాగుచేసే పద్ధతికి వియన్నా వైద్యుడు యూలియస్ వాగ్నర్-యౌరెగ్‌కి 1927లో నోబెల్ బహుమతే వచ్చింది. ఆ వైద్యంలో కొందరు రోగులు చనిపోయారు కూడా. పెన్సిలిన్ రాగానే దాన్ని వదిలేశారు.

ఫిన్లాండ్ సంగతి. 55 లక్షల జనాభాకి దాదాపు 30 లక్షల సానాలున్న దేశం అది. 2020లో వాళ్ళ సానా సంప్రదాయాన్ని యునెస్కో జాబితాలో చేర్చింది. సారా, తారు, సానా, ఈ మూడింటితో కుదరని రోగం చావుకే అని వాళ్ళకో పాత సామెత కూడా ఉంది. మన అమ్మమ్మలు మిరియాల కషాయం మీద పెట్టుకునే నమ్మకం లాంటిదే. కానీ ఈనాటి ఫిన్లాండ్ వైద్యులు జ్వరంలో సానా వద్దనే చెప్తారు. సానా వల్ల గుండెకి మేలని పేపర్లలో వచ్చేది ఎక్కువగా 2015లో అచ్చైన ఒక ఫిన్లాండ్ పరిశోధన గురించి. 2,315 మంది నడివయసు మగవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, సానాకి తరచుగా వెళ్ళేవాళ్ళలో గుండెజబ్బు చావులు తక్కువని చెప్పింది. అది ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే అలవాటు గురించి, జ్వరానికి మందు గురించి కాదు.

జలుబు మీద కూడా పరీక్షలు జరిగాయి. 1990లో ఆస్ట్రియాలో యాభై మందిని రెండు గుంపులు చేసి ఆరు నెలలు చూస్తే, క్రమం తప్పకుండా సానాకి వెళ్ళినవాళ్ళకి జలుబులు తక్కువ వచ్చాయి. అంటే రాకుండా ఉండటానికి ఏమైనా పనికొస్తే రావచ్చు. వచ్చాక? 2010లో అచ్చైన జర్మనీ పరీక్ష నాకు భలే ముచ్చటేస్తుంది. జలుబుతో ఉన్నవాళ్ళని చలికోటు తొడిగి మరీ సానాలో కూర్చోబెట్టి, సగం మందికి వేడి గాలి, సగం మందికి మామూలు గాలి పీల్పించారు. జలుబు తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇంతవరకు చెప్పింది ఏ ఊళ్ళోనైనా వర్తిస్తుంది. బెంగళూరులో ఉన్నారు కాబట్టి దీనికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది, డెంగ్యూ. వానలు మొదలయ్యాక ఇక్కడ ఒళ్ళునొప్పులతో, చలితో వచ్చే ఏ జ్వరాన్నీ "వైరలే లెండి" అని కొట్టిపారెయ్యలేం. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగ్యూని ఎపిడెమిక్ వ్యాధిగా నోటిఫై చెయ్యాల్సి వచ్చింది. అపార్ట్‌మెంట్లో పై అంతస్తులో ఉంటే దోమలు రావనుకోకండి. బాల్కనీ కుండీ కింద పళ్ళెంలో నిలిచిన మంచినీళ్ళు చాలు ఆ దోమకి, పైగా అది కుట్టేది పగలే.

డెంగ్యూలో పెద్ద చిక్కేమిటంటే ప్రమాదం వచ్చేది జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, దిగేటప్పుడు. సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లో అందరూ అమ్మయ్య అనుకుంటారు. కొందరికి సరిగ్గా అప్పుడే సన్నటి రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని నీరు బయటికి జారిపోవడం మొదలవుతుంది. పొట్టలో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, విపరీతమైన నీరసం దానికి గుర్తులు. ఒంట్లో నీరు అలా తగ్గిపోతున్న మనిషి "జ్వరం లేదు కదా" అని సానాకి వెళ్ళి ఇంకో అర లీటరు చెమటలో పోగొట్టుకుంటే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. చాలామంది అడిగేది ప్లేట్‌లెట్స్ ఎంత అనే. నేను ముందు అడిగేది పొద్దుట్నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళారని. అందుకే ఇలాంటి జ్వరం వస్తే ఎన్‌ఎస్1 (రక్తంలో డెంగ్యూ వైరస్ ఆనవాలు పట్టే పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. ఎన్‌ఎస్1 మొదటి అయిదు రోజుల్లో చేయిస్తేనే బాగా పనికొస్తుంది. డెంగ్యూ కాదని తేలేదాకా బ్రూఫెన్, డిక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు వెయ్యొద్దు. రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

మరి జ్వరానికి ఏం చెయ్యాలి? కొత్తదేమీ లేదు. పెద్దవాళ్ళకి పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి చొప్పున, రోజుకి నాలుగు దాటకుండా. లివర్ జబ్బు ఉన్నా, రోజూ మందు తాగే అలవాటున్నా ఆ లెక్క డాక్టర్ని అడిగి తగ్గించుకోవాలి. మెడికల్ షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, అట్ట వెనక చూసుకోండి. నీళ్ళు, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, గంజి, ఓఆర్‌ఎస్ గుక్కెడు గుక్కెడుగా తాగిస్తూ ఉండండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసుకి చెంచా లెక్కన కాదు. లంఖణం పేరుతో నీళ్ళు కూడా మానిపించొద్దని అత్తగారికి నా మాటగా చెప్పండి. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవొచ్చు, ఐసు నీళ్ళు వద్దు, మళ్ళీ వణుకొస్తుంది. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, పైన చెప్పిన డెంగ్యూ గుర్తుల్లో ఒక్కటి కనిపించినా ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

బాబు విషయం. చలి ఉన్నంతసేపు ఒక దుప్పటి కప్పడం తప్పు కాదు. వణుకు తగ్గగానే తీసెయ్యాలి. చెమట పట్టించడం కోసం రగ్గు మీద రగ్గు కప్పి, కిటికీలు మూసి, స్వెట్టర్ తొడగడం ఒకరకంగా ఇంట్లోనే సానా పెట్టడం. పెద్దవాళ్ళయితే తన్నేసి అవతల పారేస్తారు. పసివాళ్ళు చెప్పలేరు, వేడి పెరుగుతూ పోతుంది. పల్చటి కాటన్ చొక్కా, తిరిగే ఫ్యాను చాలు. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి జ్వరంలో ఫిట్స్ వస్తుంటాయి. అలా వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టకండి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి.

ఆవిరి పట్టడం వేరే సంగతి. అది ముక్కుదిబ్బడకి కాసేపు ఉపశమనం ఇస్తుంది, జ్వరాన్ని దించదు. పెద్దవాళ్ళు పసుపు వేసుకుని పట్టుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. అయిదేళ్ళ పిల్లాడికి మాత్రం వద్దు. పొయ్యి మీంచి దించిన గిన్నె మంచం మీద పెట్టి, దుప్పటి ముసుగేసి, లోపల పిల్లాడు కదిలితే ఆ మరిగే నీళ్ళు తొడల మీదే పడతాయి. అలా కాలిన పిల్లల్ని చూసినవాళ్ళెవరూ ఆ సలహా మళ్ళీ ఇవ్వరు. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు వెయ్యండి. నీళ్ళలో కర్పూరం వెయ్యడం, కర్పూరం పిల్లలకి అందేచోట పెట్టడం రెండూ మానెయ్యమనండి. మింగితే అది పిల్లలకి విషమే.

ఇది అచ్చయ్యేసరికి మీవారి జ్వరం ఎలాగూ తగ్గే ఉంటుంది. కాబట్టి మీకు పనికొచ్చేది మీ ఆఖరి ప్రశ్నకి జవాబు. పారాసిటమాల్ వేసుకోకుండా 24 గంటలు 100 దాటకుండా ఉంటే జ్వరం పోయినట్టు. అంటే మర్నాడే సానాకని కాదు. ముందు మామూలుగా తిని, మామూలుగా నిద్రపోయి, మెట్లెక్కితే ఆయాసం రాని స్థితికి రావాలి. మామూలు వైరల్ జ్వరమైతే దానికి వారం పట్టొచ్చు. డెంగ్యూ అని తేలితే రక్తపరీక్షలు సరిగ్గా వచ్చి, డాక్టరు సరేనన్నాకే. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని కూడా వాయిస్తాయి. జ్వరం తర్వాత గుండెలో నొప్పి, దడ, అసాధారణమైన ఆయాసం ఉంటే సానా, జిమ్ రెండూ ఆపి ఈసీజీ తీయించుకోవాలి.

జ్వరం లేదు, ఉత్త ముక్కు కారడమే అయితే ఆరోగ్యవంతుడు కాసేపు కూర్చున్నా ఏమీ కాదు. కానీ నలుగురు మోకాళ్ళు తగిలేలా కూర్చునే ఆ చెక్కపెట్టెలో తుమ్ముతూ కూర్చోవడం పక్కవాళ్ళకి న్యాయం కాదు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో మీవారి పేరు మీద పెద్ద చర్చే నడుస్తుంది.

మళ్ళీ మొదలుపెట్టే రోజు ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగి, కింది బల్ల మీద అయిదు నిమిషాలు చాలు. గోడకి 15 నిమిషాల ఇసుక గడియారం ఉంటుంది, ఇసుక మొత్తం కారేదాకా కూర్చోవాలని రూలేం లేదు. ముందురోజు రాత్రి పార్టీ అయి ఉంటే ఆ రోజు వద్దు. లేచేటప్పుడు కాళ్ళు కిందపెట్టి అరనిమిషం ఆగి లేవమనండి. మొదటి రెండు మూడుసార్లు జిమ్‌లో ఎవరో ఒకరు ఉన్న వేళ చూసుకుని వెళ్ళమనండి.